ఉబ్బసపు మందు - పిల్లల ఎత్తు

మూత్రపిండములమీద టోపీలవలె అమరియున్న రెండు చిన్న గ్రంథులను ఎడ్రినల్ గ్రంథులందురు. వాటి పైపొరనుండి శాస్త్రజ్ఞులు వేరుచేసిన పదార్థములలో కార్టిసోన్ అను స్టెరాయిడు ఒకటి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు దీనిని కీళ్లవాతముతో కదలలేకున్న ఒక స్త్రీకి ఇచ్చి చూచినాడు. కొద్ది దినములలోనే ఆమె లేచి నడిచినది. 1950లో హెంచ్‌కును, కెండాల్, రైక్‌స్టైన్ అను మరి ఇద్దరికిని నోబెల్ బహుమానము లభించినది.

త్వరలోనే ఈ మందును, దీని జాతికి చెందిన ఇతర స్టెరాయిడులను ఉబ్బసమునకు కూడ వాడసాగిరి. ఊపిరాడక రాత్రులు కూర్చుండి గడిపిన పిల్లలు హాయిగా నిద్రించినారు. కాని నెలల తరబడి మాత్రలు మ్రింగిన పిల్లల ముఖములు చంద్రబింబములవలె ఉబ్బినవి. ఎత్తు పెరుగుట మందగించినది. పిల్లల పొడవైన ఎముకల చివరలయందు మెత్తని మృదులాస్థి ఉండును. అచటి కణములు వృద్ధిచెందినకొలదియు ఎముక సాగును. స్టెరాయిడు ఎక్కువైనచో ఈ కణముల పని కుంటుపడును.

జబ్బు శ్వాసనాళములలో ఉండగా మందు ఒళ్లంతా తిరుగుట, ఒక్క మొక్కకొరకు చేనంతటికి నీరు పెట్టినట్లే. 1972లో ఇంగ్లండులోని డెర్బీ పట్టణమున హారీ మారో బ్రౌన్ అను వైద్యుడు బెక్లోమిథసోన్ అను స్టెరాయిడును నోటితో పీల్పించి, సత్ఫలితములను ప్రకటించినాడు. మాత్రలకు అలవాటుపడిన రోగులు పలువురు వాటిని మానగలిగినారు. మాత్రను మిల్లీగ్రాములలో తూచవలసియుండగా, పీల్చు మందుకు అందులో వెయ్యవవంతైన మైక్రోగ్రాముల లెక్క చాలును.

అయినను అనుమానము తీరలేదు. పీల్చిన మందులో కొంత గొంతున దిగును, కొంత ఊపిరితిత్తులద్వారా రక్తములో కలియును. అది ఎత్తును తగ్గించునా? ఇది తేల్చుట సులభము కాదు. ఉబ్బసమే యౌవనమును ఆలస్యముచేయును. అట్టి పిల్లలు కొంతకాలము పొట్టిగా కనిపించి, తరువాత అందుకొందురు. కనుక పొరుగింటి పిల్లవానితో పోల్చిన లాభము లేదు. మోకాలినుండి మడమవరకు అతిసూక్ష్మముగా కొలుచు పరికరము వచ్చిన పిమ్మట, కొద్ది వారములలోనే కాలి పెరుగుదల నెమ్మదించుట కనబడినది. తల్లిదండ్రులకు భయము కలుగుట సహజమే. కాని కొద్ది వారముల లోటును సంవత్సరములతో హెచ్చవేయుట తప్పు లెక్క. 1998లో అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ, పెరుగుదలనుగూర్చిన హెచ్చరికను ఈ మందులన్నిటితోను జతచేయించినది.

2000 అక్టోబరులో ఒకే వైద్యపత్రిక సంచికలో రెండు పరిశోధనలు వెలువడినవి. డెన్మార్కులో సగటున 9 సంవత్సరములకు పైగా బుడెసొనైడు పీల్చిన 142 మంది, తల్లిదండ్రుల ఎత్తునుబట్టి ఊహించినంత ఎత్తుకు చేరినారు. ఊరట కలిగించు వార్తయే. అయితే ఆ మందు వాడని ఉబ్బసరోగులు అందులో 18 మందే. రెండవది అమెరికా, కెనడాలలో 1,041 మంది పిల్లలపై జరిగినది. ఎవరికి ఏ మందో చీట్లు వేసినట్లు నిర్ణయించి, కొందరికి బుడెసొనైడు, కొందరికి వేరొక మందు, మిగిలినవారికి మందులేని పీల్పు ఇచ్చినారు. 4 నుండి 6 సంవత్సరములలో బుడెసొనైడు పిల్లలు 22.7 సెంటీమీటర్లు, మందులేనివారు 23.8 సెంటీమీటర్లు పెరిగినారు. తేడా చాలవరకు మొదటి సంవత్సరముననే ఏర్పడినది.

పరిశోధకులు ఆ పిల్లలను విడువక, పెద్దవారైన పిదప 943 మందిని మరల కొలిచినారు. 2012లో ప్రకటించిన ఫలితమిది: సగటు ఎత్తు మందులేనివారిది 172.3 సెంటీమీటర్లు, బుడెసొనైడువారిది 171.1. ఆ లోటు పూడలేదు, పెరగను లేదు. భయపడినవారి మాట కొంత నిజము; వారి లెక్క మాత్రము కాదు.

ఈ 1.2 సెంటీమీటర్లను ఒంటరిగా చూడరాదు. అదే పరిశోధనలో ఏటా నూటికి ఆసుపత్రి ప్రవేశములు మందులేనివారిలో 4.4, బుడెసొనైడువారిలో 2.5. అందుచేత వైద్యులు మందు మాన్పరు. ఉబ్బసము అదుపులో నిలుచు కనీసపు మోతాదుకు దించుదురు, పీల్చిన వెంటనే నోరు పుక్కిలింపుమందురు, వచ్చినప్పుడెల్ల పిల్లవానిని గోడకు నిలబెట్టి ఎత్తు వ్రాసికొందురు.