కంచె రంగుపై ఎవరి అధికారం? – సున్నపు పూత నుండి కాంపోజిట్ పలక వరకు

సారాంశం: ఆధునిక గృహానికి కాంపోజిట్ కంచె రంగును ఎంచుకోవడం నేడు వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాల శివారు నివాస ప్రాంతాల చరిత్రను పరిశీలిస్తే, కంచె రంగును ప్రధానంగా మూడు శక్తులు నిర్ణయించాయని తెలుస్తుంది. అవి పదార్థ స్వభావం, సౌందర్య సిద్ధాంతం, స్థిరాస్తి నిబంధన. తరచూ పూసి మార్చుకోగలిగిన రంగు కర్మాగారంలో ఒక్కసారే స్థిరపడే రంగుగా ఎలా పరిణమించిందో, ఆ పరిణామంలో ఎంపికాధికారం ఎవరి చేతికి చేరిందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: కంచె, సున్నం, శివారు గృహం, కాంపోజిట్, స్థిరాస్తి నిబంధన, గృహయజమానుల సంఘం.

1. ఉపోద్ఘాతం

గృహ నిర్మాణ చరిత్రలో గోడలకు, పైకప్పుకు, గదుల అమరికకు లభించిన ప్రాధాన్యం కంచెకు లభించలేదు. అయితే కంచె ఒకేసారి ఇద్దరికి కనిపించే నిర్మాణం. లోపలి ముఖం ఇంటివారిది, వెలుపలి ముఖం పొరుగువారిది, వీధిది. అందువల్ల దాని రంగు ఎన్నడూ పూర్తిగా సొంత వ్యవహారం కాలేదు. ఈ వ్యాసం అమెరికా అనుభవానికి పరిమితమవుతుంది. కాంపోజిట్ పలక వాణిజ్యపరంగా విస్తరించిన ప్రధాన క్షేత్రాల్లో అది ఒకటి కావడం, శివారు గృహానికి సంబంధించిన నిబంధనలు అక్కడ లిఖితరూపంలో నిలిచి ఉండడం ఈ పరిమితికి కారణాలు.

2. తెలుపు: పూత, శ్రమ, సంప్రదాయం

19వ శతాబ్దపు అమెరికా పల్లెల్లో, చిన్న పట్టణాల్లో కంచెకు అందుబాటులో ఉన్న చవకైన పూత సున్నం. కాల్చిన సున్నాన్ని నీటిలో తడిపి పలకలకు పూసేవారు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టిపడుతుంది గాని వానలకు నిలవదు. కనుక మళ్లీ మళ్లీ పూయవలసి వచ్చేది. 1876లో వెలువడిన మార్క్ ట్వేన్ నవల ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ టామ్ సాయర్’లో కంచెకు సున్నం వేయడం పిల్లవాడికి విధించిన శిక్షగా కనిపిస్తుంది. ఆ ఘట్టం హాస్యానికి ప్రసిద్ధమైనా, అందులోని సామాజిక సత్యం వేరు. తెలుపు అనేది ఒక వర్ణం మాత్రమే కాదు, నిత్యం చేయవలసిన చాకిరీ కూడా. తెలుగునాట సంక్రాంతికి ముందు గోడలకు వేసే వెల్ల, దేవాలయ ప్రహరీలపై దిద్దే సున్నపు, జాజు చారలు సైతం ఇదే స్వభావం కలిగినవి. వాటి అందం మన్నికలో లేదు, పునరావృతిలో ఉంది.

స్తోమత గలవారు సీసపు తెలుపును అవిసె నూనెలో కలిపి వాడేవారు. అది సున్నం కంటే ఎక్కువ కాలం నిలిచేది. దాని విషస్వభావం కారణంగా 1978లో అమెరికా ప్రభుత్వం గృహావసరాలకు సీసపు రంగులను నిషేధించింది.

తెలుపుకు తొలి బలమైన విమర్శ సౌందర్యశాస్త్రం నుండి వచ్చింది. ఉద్యాన రూపకర్త ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ 1842లో ప్రచురించిన ‘కాటేజ్ రెసిడెన్సెస్’లో, పచ్చని ప్రకృతి నడుమ తెల్లని ఇల్లు కళ్లకు గుచ్చుకుంటుందని వాదించాడు. రాతిని, మట్టిని తలపించే మెత్తని ఛాయలను సూచించాడు. ఆయన ప్రభావంతో కొన్ని దశాబ్దాలు తెలుపు వెనుకబడింది. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతవార్షిక ప్రదర్శన తరువాత వలసకాలపు శైలిపై మమకారం పెరగడంతో తెలుపు తిరిగి వచ్చింది. నేడు అనాది సంప్రదాయంగా భావించే తెల్లని కంచెకు ఆ గౌరవం చాలావరకు ఈ పునరుద్ధరణ వల్ల సంక్రమించిందే.

3. కంచె లేని ఆదర్శం, నిబంధనల పుట్టుక

తెలుపు తిరిగి వస్తున్న కాలంలోనే అసలు కంచె అవసరమా అన్న ప్రశ్న కూడా తలెత్తింది. శివారు ఇళ్ల ఆవరణలపై 1870లో గ్రంథం రాసిన ఫ్రాంక్ జె. స్కాట్, ఇంటి ముంగిళ్లు అడ్డులేకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోవాలని బోధించాడు. ఈ ఆదర్శం తరువాతి కాలంలో ఒప్పంద పత్రాల్లోకి ప్రవేశించింది. 1947లో న్యూయార్క్ సమీపాన లాంగ్ ఐలండ్‌లో ప్రారంభమైన లెవిట్‌టౌన్‌లో కంచెలు కట్టరాదన్న నిబంధన ఉండేది. అదే పత్రాల్లో శ్వేతజాతేతరులు అక్కడ నివసించరాదన్న నిబంధన కూడా ఉండేది. అటువంటి జాతి నిబంధనలను న్యాయస్థానాలు అమలుచేయరాదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నివాస గృహాల విక్రయంలో, అద్దెలో జాతి వివక్షను 1968 నాటి చట్టం నిషేధించింది.

రూపానికి సంబంధించిన నిబంధనలు మాత్రం నిలిచాయి, విస్తరించాయి. అమెరికా సామాజిక సంఘాల సంస్థ అంచనా ప్రకారం 1970లో సుమారు 10 వేలుగా ఉన్న ఇటువంటి నివాస సంఘాలు ఇటీవలి సంవత్సరాల్లో 3.5 లక్షలు దాటాయి. కంచె ఎత్తు, పదార్థం, రంగు వంటి అంశాలకు సంఘం నియమించిన కమిటీ అనుమతి పొందడం వీటిలో సాధారణ నియమం. జాతి నిబంధనను, రంగు నిబంధనను ఒకే గాటన కట్టడం సరికాదు. అయితే పొరుగు రూపాన్ని ఏకరీతిగా ఉంచడం ద్వారా ఆస్తి విలువను కాపాడాలన్న భావన రెండింటికీ ఆశ్రయమిచ్చిందన్నది గమనార్హం.

4. కలప: గోధుమ, ఆకుపచ్చ, బూడిద

రెండో ప్రపంచయుద్ధానంతరం ముంగిలి తెరిచి ఉన్నా, కుటుంబ జీవనం పెరటికి చేరింది. దానితో పెరటి చుట్టూ ఎత్తైన చెక్క కంచెలు పెరిగాయి. దేవదారు, రెడ్‌వుడ్ వంటి కలపలు తొలుత ఎర్రని గోధుమ వర్ణంలో ఉండి క్రమంగా బూడిద రంగుకు మారుతాయి. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు కలపలోని లిగ్నిన్‌ను విచ్ఛిన్నం చేస్తే, వాన దానిని కడిగివేస్తుంది. ఉపరితలంపై సెల్యులోజ్ మిగులుతుంది. అంటే బూడిద రంగు కలపకు కాలం వేసిన పూత.

చవకైన పైన్ కలపను కంచెకు యోగ్యం చేసిన రసాయనం క్రోమేటెడ్ కాపర్ ఆర్సెనేట్. దీనిని 1930ల దశకంలో రూపొందించినవాడు డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థకు చెందిన భారతీయ శాస్త్రవేత్త శొంఠి కామేశం. 1938లో దీనికి అమెరికా పేటెంటు లభించింది. ఇందులో రాగి శిలీంధ్రాలను, ఆర్సెనిక్ చెదలను అడ్డుకుంటే, క్రోమియం వాటిని కలపలో స్థిరపరుస్తుంది. శుద్ధిచేసిన కలపకు వచ్చే లేత ఆకుపచ్చ ఛాయను ఎవరూ కోరి ఎంచుకోలేదు. అది రసాయనం ఇచ్చిన రంగు. ఆర్సెనిక్ పట్ల ఆందోళన కారణంగా, పర్యావరణ పరిరక్షణ సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకు 2003 చివరి నాటికి తయారీదారులు గృహావసరాలకు దీని వాడకాన్ని చాలావరకు విరమించారు. ఈ పరిణామం ప్రత్యామ్నాయ పదార్థాలకు అనుకూల వాతావరణం కల్పించింది.

5. కాంపోజిట్: కర్మాగారంలో స్థిరపడే రంగు

వ్యర్థ పాలిథిలీన్‌ను, రంపపు పొట్టును కరిగించి కలిపి పలకలుగా తీసే ప్రయత్నాలు 1980ల చివర అమెరికాలో వాణిజ్యరూపం దాల్చాయి. మొబిల్ సంస్థలో ఈ ఉత్పత్తిని చేపట్టిన విభాగం 1996లో విడివడి ట్రెక్స్ కంపెనీగా అవతరించింది. ఈ పలకలో రంగు పైపూత కాదు. ఐరన్ ఆక్సైడ్, కార్బన్ బ్లాక్, టైటానియం డయాక్సైడ్ వంటి వర్ణకాలను ముడిపదార్థంలోనే కలుపుతారు.

తొలితరం పలకలు కొద్ది కాలానికే వెలిసిపోయేవి. వర్ణకం నిలిచినా, అందులోని కలప పొడి మామూలు కలపలాగే ఎండకు తెల్లబారడం ఇందుకు ముఖ్య కారణం. 2010 ప్రాంతంలో పలక చుట్టూ పాలిమర్ తొడుగు వేసే పద్ధతి వ్యాప్తిలోకి రావడంతో రంగు నిలకడ పెరిగింది. నేడు పలువురు తయారీదారులు 25 ఏళ్ల దాకా హామీ ఇస్తున్నారు.

ఇక్కడే చారిత్రక మలుపు ఉంది. సున్నం వేసినవాడు మరుసటి ఏడు మనసు మార్చుకోగలడు. కాంపోజిట్ కొన్నవాడికి ఆ అవకాశం దాదాపు లేదు. ట్రెక్స్ కంచెల శ్రేణిలో కనిపించే వించెస్టర్ గ్రే, శాడిల్, వుడ్‌ల్యాండ్ బ్రౌన్ అనే పేర్లను గమనిస్తే ఆ ఎంపిక పరిధి తెలుస్తుంది. ఒకటి వర్జీనియాలో కంపెనీ ఉన్న పట్టణం పేరు, రెండవది గుర్రపు జీను, మూడవది అడవి. డౌనింగ్ కోరిన మట్టి, రాతి ఛాయలు 160 ఏళ్ల తరువాత ప్లాస్టిక్‌లో సాకారమయ్యాయి. కాలం కలపకు ఇచ్చిన బూడిద రంగు మొదటి రోజు నుండే లభించే సరుకైంది.

పదార్థపు ఆంక్షలు మాత్రం తొలగలేదు. ముదురు రంగు ఎక్కువ వేడిని గ్రహిస్తుంది. పాలిథిలీన్ కలప కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది. కనుక ఎండ అధికంగా ఉన్న ప్రాంతంలో నల్లని పలకకు కీళ్ల వద్ద తగిన ఖాళీ వదలాలి. ముదురు బూడిద నేపథ్యంలో చెట్ల పచ్చదనం ముందుకు వస్తుంది, కంచె వెనక్కి తగ్గుతుంది. నల్లని కిటికీ చట్రాలు గల ఆధునిక గృహాలకు ఆ ఛాయ ప్రీతిపాత్రం కావడానికి ఇది ఒక కారణం. ఇటుక గోడల ఇంటికి గోధుమ ఛాయ పొసగుతుంది. లేత రంగుపై మరక, నాచు స్పష్టంగా కనిపిస్తాయి.

6. ముగింపు

1965 వలస చట్టం తరువాత అమెరికా చేరి, టెక్సాస్, న్యూజెర్సీ శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలలో అనేకం ఈ సంఘాల పరిధిలోకి వచ్చాయి. గడపకు పసుపు, కుంకుమలు పెట్టుకోవడం, వాకిట ముగ్గు వేయడం ఇంటి రంగును ఇంటివారే ప్రతిదినం పునరుద్ధరించే సంస్కారాలు. కమిటీ ఆమోదించిన నమూనా పలక దీనికి భిన్నమైన లోకానికి చెందినది. అది శ్రమను తగ్గించింది, మన్నికను ఇచ్చింది. సీసం, ఆర్సెనిక్‌ల బెడద లేకుండా చేసింది. వీటిని స్వల్ప లాభాలుగా తీసివేయలేము. అయితే వాటికి ప్రతిఫలంగా రంగు మార్చుకునే స్వేచ్ఛ పోయింది.

కంచె రంగు చరిత్రలో ఎంపికాధికారం కుంచె పట్టినవాడి నుండి సిద్ధాంతకర్తకు, అతని నుండి ఒప్పంద పత్రానికి, చివరకు వర్ణకాలు కలిపే కర్మాగారానికి విస్తరించింది. ఇంటి యజమానికి మిగిలింది నాలుగైదు నమూనాల మధ్య ఒకే ఒక్కసారి తీసుకునే నిర్ణయం. దిద్దుకునే వీలులేని నిర్ణయం కనుకనే అది చిన్నది కాదు. నమూనా పలకను ఉదయపు వెలుగులో, సాయంకాలపు నీడలో, తడిసినప్పుడు, ఆరినప్పుడు పరీక్షించడం, పొరుగువైపు నుండి కూడా చూడడం ఆ మిగిలిన అధికారాన్ని వివేకంతో వినియోగించుకోవడమే అవుతుంది.