కుళాయినీరు – గాజుతొట్టిలోని చేప

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల వారికి చేప క్రొత్త చుట్టము కాదు. గాజుతొట్టి మాత్రము క్రొత్తది. కుళాయి త్రిప్పి చేపకు నీరు పోయుట అంతకంటెను క్రొత్తది. ఈ సీమలో చేపకు నీరిచ్చినది చెరువు, చెరువునకు నీరిచ్చినది వాన. నడుమ మానవుని చేయి కట్ట వేయుట వరకే ఉండెను.

ఆ కట్టల కథ చిన్నది కాదు. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ బయ్యారము చెరువును త్రవ్వించి శాసనము వేయించెను. కాకతీయుల వంశక్రమమును వెన్నభూపతి మొదలుకొని తెలుపు ఆ శాసనము నేటి మహబూబాబాదు జిల్లాలోనిది. భూపాలపల్లికి చేరువ నున్న గణపురము చెరువును, కోటగుళ్లును కాకతీయుల కాలపువే. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడియు, దాని చెరువును 2016 నుండి 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో నుండి, పిమ్మట ములుగు జిల్లాలో చేరినవి. చెరువు కదలదు గాని దాని చిరునామా కదలుచుండును!

ఈ చెరువులలో చేపకు నీటిని శుద్ధి చేసి పెట్టినవారెవరును లేరు. మట్టి, నాచు, ఎండ, గాలి ఆ పని చేయుచుండెను. రాజులు కూడ చేపల విషయమున శ్రద్ధ చూపిరి. కాకతీయులు మొదట ఎవరికి సామంతులుగా నుండిరో ఆ కళ్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు పూర్వార్ధమున మానసోల్లాసమను గ్రంథము రచించెను. అందు మత్స్యవినోదమని ఒక ప్రకరణమే కలదు. చేపల జాతులు, వాని మేత, గాలము, దారము అన్నియు అందు వచ్చును. కాని అది పట్టువాని వినోదము. చేపను ఇంట నుంచుకొని చూచి ఆనందించు వినోదము వేరు.

ఈ రెండవ వినోదమునకు శాస్త్రీయమైన రూపమిచ్చినవాడు లండను నగరములోని రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టన్. 1850 ప్రాంతమున ఆయన ఒక గాజుపాత్రలో బంగారుచేపలను, నీటిమొక్కను, నత్తలను కలిపి పెట్టి, మొక్క విడుచు ప్రాణవాయువు చేపకును, చేప విడుచు వాయువు మొక్కకును ఉపకరించునని చూపెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల వెలసెను. మరుసటి యేట గాస్ రచించిన గ్రంథముతో అక్వేరియమను పేరు వ్యాప్తిలోనికి వచ్చెను. మన దక్షిణాదిన మదరాసు సముద్రతీరమున 1909లో ఒక మత్స్యశాల ఏర్పడినది. బొంబాయిలోని తారాపూర్‌వాలా అక్వేరియము 1951 నాటిది. వారింగ్టనుకు కుళాయినీటి బెడద లేదు. ఆనాటి నీటిలో క్రిములుండెను గాని క్రిమిసంహారకము లేదు.

క్రిములున్న ఆ నీరే మనుష్యులను చంపుచుండెను. 1854లో లండనులో కలరా చెలరేగినపుడు జాన్ స్నో అను వైద్యుడు ఆ రోగమునకు బ్రాడ్‌వీధిలోని చేతిపంపు నీరు కారణమని నిరూపించెను. మందు మాత్రము అప్పటికే లోకములో నున్నది. షీలే 1774లో క్లోరిను వాయువును కనుగొనెను. అది మూలపదార్థమని డేవీ 1810లో తేల్చి పేరు పెట్టెను. టెనెంటు 1799లో తయారుచేసిన బ్లీచింగుపొడి గుడ్డలు తెల్లబరచుటకే వాడబడుచుండెను. చాకిరేవు వస్తువు ఊరి త్రాగునీటిలోనికి వచ్చుటకు మరి నూరేండ్లు పట్టినది. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టను పట్టణమున టైఫాయిడు వ్యాపించగా తాత్కాలికముగా వాడిరి. 1902లో బెల్జియములోని మిడిల్‌కెర్కె, 1905లో లింకను పట్టణములు విడువక వాడసాగినవి. అమెరికాలో జెర్సీ నగరపు నీటికి 1908 సెప్టెంబరు 26న మందు కలుపుట మొదలయ్యెను. సరిగా రెండు దినములకు, 28వ తేదీన, మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తినది. ఆ వరద ఫలముగా వెలసిన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియై రాజధానికి త్రాగునీరిచ్చినవి.

మన మూడు సీమల పల్లెలకు శుద్ధిచేసిన కుళాయినీరు చేరుటకు మరింత కాలము పట్టినది. 2016 ఆగస్టు 7న కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ గోదావరి, కృష్ణా జలములను శుద్ధిచేసి, గొట్టముల ద్వారా పంపు పథకము. పల్లెలో మనిషికి దినమునకు 100 లీటర్లు దాని లక్ష్యము. ఈ నీటిలో క్లోరినుండుట లోపము కాదు, ఉండి తీరవలెను. ఇంటి కుళాయి కడ లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాములు మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము.

చిక్కు ఇక్కడనే కలదు. జలచరముల క్షేమమునకు అమెరికా పర్యావరణ సంస్థ నిర్ణయించిన దీర్ఘకాలపు హద్దు లీటరుకు 0.011 మిల్లీగ్రాములు. అనగా పసిపాపను కాపాడు మోతాదులో పదునెనిమిదవ వంతు కూడ చేపకు ఎక్కువయే. క్లోరిను మొప్పల సున్నితమైన పొరను కాల్చును. నీటిలో ఎంత ప్రాణవాయువున్నను అందుకొనలేక చేప పైకి వచ్చి నోరు తెరచుకొనును. చాలమంది దానిని ఆకలియనుకొని మేత వేయుదురు! అంతేకాదు, తొట్టిలోని గులకరాళ్లను పట్టియుండి చేప విసర్జించు అమ్మోనియాను మార్చివేయు మేలిక్రిములు కూడ క్లోరినుకు బలియగును. కనుక చేప ఆ పూట బ్రదికినను వారము దినములకు మరియొక ముప్పు రావచ్చును.

విరుగుడు ఫోటోగ్రాఫరుల చీకటిగదినుండి వచ్చినదనిన వింతగా నుండును. సోడియం థయోసల్ఫేటునే వారు హైపో అందురు. వెండి లవణములను అది కరగించుట హెర్షెల్ 1819లో గమనించెను. 1839 నుండి అది చిత్రములను నిలుపుటకు పనికివచ్చినది. తెల్లబరచిన గుడ్డలోను, కాగితములోను మిగిలిన క్లోరినును తీసివేయుటకును దానినే వాడిరి. అంగళ్లలో చేపలవారు అమ్ము మందుసీసాలలో తరచుగా ఉండునది ఇదియే. ఒక పాలు క్లోరినుకు ఏడు పాళ్ల హైపో చాలును. లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరినున్న 20 లీటర్ల బిందెకు 70 మిల్లీగ్రాములు, అనగా చిటికెలో కొద్దిపాటి. వేసి బాగుగా కలిపినచో క్షణములలో పనిచేయును.

మందు లేనివారు వెడల్పు మూతిగల గంగాళములో నీరు పోసి, మూత వేయక, ఒక దినము ఆరుబయట ఉంచవలెను. క్లోరిను కొంత గాలిలో కలియును, కొంత ఎండకు విరిగిపోవును. ఇరుకుమూతి బిందె దీనికి పనికిరాదు. అయితే కొన్ని నగరములలో క్లోరినుతో అమ్మోనియాను కూడ కలిపి క్లోరమైను చేయుదురు. అది నిలువ ఉంచినంత మాత్రమున పోదు. రక్తములోనికి చేరి ప్రాణవాయువును మోయు శక్తిని చెఱచును. హైపో దానిలోని క్లోరినును తీసినను అమ్మోనియా మిగులును.

బోరుబావి నీరు పోయువారికి క్లోరిను భయము లేదు గాని ఆ నీటిలో ప్రాణవాయువు తక్కువ. ఒక చెంబునుండి మరియొక చెంబునకు ఎత్తుగా ధారపోసి, గాలి తగిలిన పిదప వాడవలెను. ఏ నీరైనను తొట్టిలో నాలుగవ వంతునకు మించి ఒకసారి మార్చరాదు. వేడిమిలో తేడా లేకుండ చూడవలెను.

వాసనను నమ్ముకొనుట నా దృష్టిలో మంచి పద్ధతి కాదు. ఊరి నీటిట్యాంకుల కడ వాడు క్లోరోస్కోపులో నీరు పోసి రెండుమూడు చుక్కల మందు వేసిన పసుపురంగు తేలును. రంగు లేనిచో క్లోరిను లేనట్లు. ట్యాంకును బ్లీచింగుపొడితో కడిగిన దినమునను, తొలకరి వానల తరువాత బావులలో పొడి చల్లిన దినమునను మోతాదు మామూలుకంటె చాల హెచ్చుగా నుండును. ఆ రెండు దినములు తొట్టినీరు మార్చక పాతనీటితోనే సరిపెట్టుకొనవలెను, మేత కూడ సగము చేయవలెను.