1917 ఫ్రెంచి సైనికుల ధిక్కారం – మిత్రకూటమి వ్యూహంపై ప్రభావం

మొదటి ప్రపంచయుద్ధ గమనాన్ని రాజ్యాల ఒప్పందాలతోపాటు కందకాలలోని సైనికుల అనుభవమూ నిర్దేశించింది. 1917 ఏప్రిల్ 16న ఫ్రెంచి సేనాధిపతి నివెల్ ఉత్తర ఫ్రాన్సులోని షెమా దే దామ్ వద్ద ప్రారంభించిన దాడి అపార ప్రాణనష్టంతో విఫలమైంది. తత్ఫలితంగా ఫ్రెంచి పదాతిదళ డివిజన్లలో దాదాపు సగం అవిధేయతకు లోనయ్యాయి. అయితే అత్యధికులు కందకాలను విడిచిపోలేదు. రక్షణకు సమ్మతిస్తూనే నిష్ఫలమైన దాడులను నిరాకరించారు. మే నెలలో సేనాధిపత్యం స్వీకరించిన పెతా, కొందరికి మరణశిక్ష అమలుపరుస్తూనే, సెలవులను, ఆహారాన్ని మెరుగుపరచి, భారీ దాడులను నిలిపివేశాడు. ఏప్రిల్ 6న యుద్ధంలో ప్రవేశించిన అమెరికా సేనల రాకకై నిరీక్షించడం అతని విధానమైంది. ఈలోగా పశ్చిమ రంగంలో దాడుల భారం ప్రధానంగా బ్రిటిష్ సేనలపై పడింది. మిత్రకూటమి వ్యూహానికి సామాన్య సైనికుని సమ్మతియే హద్దుగా నిలిచిందని ఈ ఘటన స్పష్టం చేస్తున్నది.