వ్యర్థం నుంచి స్ఫటికం దాకా: చమురుశుద్ధి కర్మాగారాలు, జియోలైట్లు

చమురుశుద్ధి చరిత్ర చదివే విద్యార్థి ముందుగా ఒక మాటను అనుమానించడం నేర్చుకోవాలి. ఆ మాట ‘వ్యర్థం’. 1860ల అమెరికాలో ముడిచమురును బట్టీపట్టింది దీపాలకు కావలసిన కిరసనాయిలు కోసం. దానితోపాటు వచ్చే గ్యాసోలిన్, అంటే మనం నేడు పెట్రోలు అంటున్నది, కొనే దిక్కులేని సరుకు. క్లీవ్‌లాండ్ పట్టణంలో చాలామంది దాన్ని కయహోగా నదిలోకి వదిలేసేవారు. రాక్‌ఫెల్లర్ మాత్రం దాన్ని బట్టీల కింద ఇంధనంగా మండించాడు. మోటారు కార్లు వచ్చాక లెక్క తలకిందులైంది. 1920లో న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ, అంతవరకు మంటకు తప్ప పనికిరాదనుకున్న శుద్ధి వాయువుల్లోని ప్రొపిలీన్ నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తయారుచేసింది. పెట్రోరసాయన పరిశ్రమ చరిత్రను చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు.

జియోలైట్ కథ ఇదే దారిలో నడిచింది. అయితే ఇక్కడ వ్యర్థంగా మారింది చమురు కాదు, చమురును విడగొట్టిన పదార్థమే.

1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెడ్ ఒక ఖనిజాన్ని వేడిచేస్తే అది నీరు కక్కుతూ ఉడికినట్లు పొంగడం గమనించాడు. అందుకే గ్రీకు భాషలో ‘ఉడికే రాయి’ అనే అర్థం వచ్చేలా దానికి జియోలైట్ అని పేరు పెట్టాడు. (పుణె, నాసిక్ ప్రాంతాల దక్కన్ నల్లరాతి బోలుల్లో దొరికే అందమైన జియోలైట్ స్ఫటికాలు ప్రపంచమంతటా మ్యూజియాలకు చేరాయి.) సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు జల్లెడలా అల్లుకున్న నిర్మాణం దీనిది. రంధ్రాలు అణువుల పరిమాణంలో ఉంటాయి కాబట్టి కొన్ని అణువులు లోపలికి పోగలవు, కొన్ని పోలేవు.

ప్రకృతిలో జియోలైట్లు ఏర్పడటానికి యుగాలు పడుతుంది. 1940లలో బ్రిటన్‌లో రిచర్డ్ బారర్ వాటిని ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతులను క్రమబద్ధంగా పరిశీలించాడు. కానీ పరిశ్రమకు దారి వేసింది యూనియన్ కార్బైడ్ సంస్థలో పనిచేసిన రాబర్ట్ మిల్టన్. ప్రకృతిని అనుకరించి అధిక ఉష్ణోగ్రత, అధిక పీడనాల వెంట పడకుండా, 1949లో ఆయన సోడియం సిలికేట్, సోడియం అల్యూమినేట్ ద్రావణాలను కలిపి జిగురు ముద్దగా చేసి, ఇంచుమించు నీరు మరిగే ఉష్ణోగ్రతలోనే స్ఫటికాలను రాబట్టాడు. జియోలైట్-ఎ, జియోలైట్-ఎక్స్ అలా పుట్టాయి. 1954లో అవి మార్కెట్లోకి వచ్చాయి. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. స్ఫటికానికి కావలసింది క్షారంలో కరిగిన సిలికా, అల్యూమినా. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నది దానికి పట్టదు.

ఇక చమురు వైపు చూద్దాం. బరువైన నూనెలను పెట్రోలుగా విడగొట్టే ఉత్ప్రేరక భంజనాన్ని 1930లలో యూజీన్ హూడ్రీ పరిశ్రమ స్థాయికి తెచ్చాడు. ఆయన వాడింది ఆమ్లంతో శుద్ధిచేసిన బంకమట్టి. 1942లో లూసియానాలోని బేటన్ రూజ్‌లో మొదటి ద్రవీకృత ఉత్ప్రేరక భంజన యూనిట్ నడిచింది. దీన్నే ఎఫ్‌సీసీ అంటారు. ఇందులో ఉత్ప్రేరకం సన్నని పొడిగా, నీటిలా పారుతూ తిరుగుతుంది. మొబిల్ సంస్థలో ప్లాంక్, రోజిన్‌స్కీ అనే ఇద్దరు ఈ ఉత్ప్రేరకంలో జియోలైట్ కలపడం 1962లో వాడుకలోకి వచ్చింది. జియోలైట్ ఎంత చురుకైనదంటే దాన్ని ఒంటరిగా వాడటం కుదరదు, మరో పదార్థంలో పొదగాల్సిందే. అదే నూనె నుంచి ఎక్కువ పెట్రోలు రావడం మొదలయ్యాక కొద్ది ఏళ్లలోనే శుద్ధి కర్మాగారాలు పాత ఉత్ప్రేరకాలను వదిలేశాయి.

ఈ విజయంలోనే కొత్త వ్యర్థం దాగి ఉంది. ఎఫ్‌సీసీలో ప్రతి రేణువూ నూనెను విడగొట్టి, ఒంటినిండా బొగ్గు పట్టించుకుని, పక్కనున్న పునరుద్ధరణ పాత్రలో దాదాపు 700 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ బొగ్గును కాల్చుకుని మళ్లీ వెనక్కి వస్తుంది. ఈ చక్రం నిమిషాల్లో తిరుగుతుంది, రోజంతా ఆగదు. వేడి, ఆవిరి కలిసి జియోలైట్ చట్రంలోని అల్యూమినియాన్ని పెకలిస్తాయి. ముడిచమురుతో వచ్చిన వెనేడియం ఆ చట్రాన్ని కూల్చుతుంది, నికెల్ అనవసరంగా బొగ్గును, హైడ్రోజన్‌ను పెంచుతుంది. అందుకే కొంత పాత పొడిని తీసేసి ఆ మేరకు కొత్తది పోస్తుంటారు. తీసేసిన దాన్ని పరిశ్రమ వాడుకలో ఈ-క్యాట్ అంటారు. ప్రపంచవ్యాప్తంగా ఇది ఏటా లక్షల టన్నుల్లో పోగవుతుంది. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై నేడు హెచ్‌పీసీఎల్ ఆధ్వర్యంలో ఉన్న విశాఖపట్నం శుద్ధి కర్మాగారంలోనూ ఎఫ్‌సీసీ యూనిట్లు ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. కొంత పొడి సిమెంటులోకి పోతుంది, కొంత మట్టి కింద పూడుతుంది.

పూడ్చే ముందు ఒకసారి దాని కూర్పు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అందులో అధిక భాగం సిలికా, అల్యూమినాలే. మిల్టన్ ముద్దకు కావలసినవి సరిగ్గా అవే కదా! ఇలాంటి ఆలోచన బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద విషయంలో ముందే వచ్చింది. 1985లో హోలర్, విర్షింగ్ ఆ బూడిదను క్షారంతో ఉడికించి జియోలైట్లు పొందారు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో అర్జెంటీనాలోనూ మరికొన్ని చోట్లా వాడిన ఎఫ్‌సీసీ పొడిపై ఇదే పని జరిగింది.

పని తేలిక కాదు. పాత పొడిలోని అల్యూమినా కొంత, వేడికి గట్టిపడి మల్లైట్ వంటి మొండి రూపాల్లో ఉంటుంది. మామూలు క్షార ద్రావణంలో అది సరిగా కరగదు. కాబట్టి కాస్టిక్ సోడాతో కలిపి ముందు కొలిమిలో కాల్చి, తర్వాత నీటిలో కరిగించాలి. జియోలైట్-ఎకు సిలికాన్, అల్యూమినియం సమపాళ్లలో కావాలి కాబట్టి ఈ పొడి దానికి బాగా ఒదుగుతుంది. ఎఫ్‌సీసీకి కావలసిన వై రకానికైతే సిలికా అదనంగా కలపాలి. తీరా స్ఫటికాలు వచ్చాక మిగిలే తల్లి ద్రావణం మరో సమస్య. వై రకం తయారీలో సిలికాలో గణనీయమైన భాగం దానిలోనే ఉండిపోతుంది. అమెరికాలోని గ్రేస్ కంపెనీ 1970లలోనే ఆ సిలికాను పటికతో గట్టిపరచి, తర్వాతి విడతకు ముడిసరుకుగా వాడే పద్ధతులకు పేటెంట్లు తీసుకుంది. వ్యర్థంతో తయారీని మెరుగుపరచడమంటే కొత్త ముడిసరుకు వెతకడం మాత్రమే అనుకోకూడదు. లెక్కలో ఈ పాత మెలకువ చాలా పెద్దది.

కాలిన కాస్టిక్ సోడా ఖర్చు, కొలిమి ఇంధనం లెక్కించకుండా ‘వ్యర్థం నుంచి సంపద’ అని చెప్పే వ్యాసాలను నేను కొంత జాగ్రత్తగా చదువుతాను. అసలు చిక్కు లోహాలది. కరిగించే క్రమంలో నికెల్, వెనేడియం ఎక్కడికి పోతాయి? కొత్త స్ఫటికాల మధ్యే ఉండిపోతే ఆ జియోలైట్‌ను సబ్బుపొడిలోనో, తాగునీటి వడపోతలోనో వాడలేం. అదే కర్మాగారపు మురుగునీటి నుంచి అమోనియాను పట్టుకోవడానికి వాడవచ్చు. అయితే ఆ నీటిలోకి లోహం తిరిగి కారడం లేదని ముందుగా పరీక్షించి చూపాలి. ఆ పరీక్ష ఫలితాల పట్టిక లేకుండా వచ్చిన దిగుబడి శాతాన్ని మీరు ఎక్కడ చూసినా, ఆ వ్యాసం సగమే పూర్తయిందని గుర్తించండి.