వూరి పేరు, వూరి రుచి



ఈ పూట ఎరువుల మాట, తెగుళ్ళ మాట పక్కన పెట్టి ఒక వూరి చరిత్ర చెప్పుకుందాం. చరిత్రకూ సేద్యానికీ ఏం సంబంధం అంటారేమో, చివరికి మాట మీ చేనిగట్టు మీదికే వస్తుంది.

సూర్యాపేట జిల్లాలో కోదాడకు దగ్గరలో నడిగూడెం వున్నది. పూర్వం ఇది మునగాల పరగణాలోని గ్రామం. ఆ పరగణా పరిస్థితి చిత్రమైనది. చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో ఇది మాత్రం కృష్ణా జిల్లా కింద మద్రాసు ప్రభుత్వానిది. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసింది. 2016లో కొత్త సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది.

మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావు గారి కోట నడిగూడెంలోనే వున్నది. చరిత్రకారులు కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆయన దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలయడానికి పాటుపడినవారిలో వీరిద్దరూ వున్నారు. అయితే కోటకు ఇంకో కథ కూడా వుంది. 1930లలో ఇదే పరగణా రైతులు వెట్టికీ, జమీందారీ పెత్తనానికీ ఎదురు తిరిగారు. ఆ తరవాత, 1948 నాటి చట్టంతో జమీందారీలే రద్దయినాయి. కోట చూడవచ్చినవారికి ఈ రెండు కథలూ చెప్పాలి. గోడలు రాజుగారివే కావచ్చు, గాదెలు నిండింది రైతు చెమటతోనే గదా!

ఆ రాజుగారి ఆదరణలోనే పింగళి వెంకయ్య గారు నడిగూడెంలో వుండి పత్తి మీద ప్రయోగాలు చేశారు. 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా చూపిన మహనీయుడు ఆయనే. కంబోడియా పత్తి మీద కృషి వల్ల జనం ఆయనను ‘పత్తి వెంకయ్య’ అన్నారు. చూశారా, పంట వల్ల మనిషికి పేరు వచ్చింది. పంట వల్ల వూరికి మాత్రం పేరు ఎందుకు రాకూడదు?

ఎక్కడో ఎందుకు, కోనసీమలోని ఆత్రేయపురం సంగతి వినండి. అక్కడ కుండ బోర్లించి, లోపల మంట పెట్టి, పలచని బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద పరుస్తారు. క్షణంలో కాగితం వంటి రేకు వూడివస్తుంది. అందులో నెయ్యి, బెల్లం వేసి చుడితే పూతరేకు. కావలసినవి బియ్యం, కుండ, ఆడవాళ్ళ చేతి నేర్పు. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక మన పాత నల్లగొండ జిల్లాలోని భూదాన్ పోచంపల్లిని ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంచింది. 1951 నాటి భూదాన చరిత్ర విని వచ్చినవారు మగ్గం చూస్తారు, చీర కొంటారు. చరిత్ర మనిషిని రప్పిస్తుంది, వూరి సరుకు రూపాయిని వూళ్ళో నిలుపుతుంది.

మరి మన దగ్గర ఏముంది? హైదరాబాదు–విజయవాడ రహదారి మునగాల, కోదాడ మీదుగానే పోతున్నది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరవాత ఎడమ కాలువ కింద వరి పెరిగింది. ఆ వడ్లు లారీలెక్కి మిల్లుకు పోతాయి. బియ్యమై తిరిగివచ్చేసరికి దాని మీద మన వూరి పేరు వుండదు. అదే బియ్యం నాలుగు బస్తాలు వూళ్ళోనే దంచి, అరిసెలుగానో, చేగోడీలుగానో అమ్మితే పేరూ మనదే, పైసా మనదే. జొన్న రొట్టె, పచ్చిపులుసు మనకు రోజూ తినేవే. పట్నంవాడికి అవే విందు.

గట్టు మీది తాటిచెట్టును మరవకండి. ఎండాకాలంలో ముంజలు, వానల్లో తాటిపండు, చలికాలంలో తేగలు. టెంకలను మట్టిలో పాతితే మొలకలొస్తాయి, వాటిని తవ్వి కాలిస్తే తేగలు. ఇక నీరా. సున్నం పూసిన శుభ్రమైన లొట్టిలో రాత్రి పట్టి, పొద్దు పొడవకముందే దించాలి. ఎండ తగిలితే పులిసి కల్లవుతుంది, కనుక చల్లగా వుంచి వెంటనే అమ్మాలి. ఆబ్కారీ శాఖ అనుమతి తప్పనిసరి. 2023లో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచారు. పట్నంలో తాగేదాన్ని చెట్టు కిందే తాగితే ఆ రుచే వేరు. గీత కార్మికుడు మోకు బిగించి చెట్టెక్కడం పిల్లలకు చూడముచ్చట.

ఒక హెచ్చరిక. పేరు రావడానికి పదేళ్ళు పడుతుంది, పోవడానికి ఒక్క పూట చాలు. ఒక్క ఇంట్లో నూనె పాతదైనా, ఒక్క లొట్టిలో కల్తీ కలిసినా వూరంతటికీ మచ్చ. కనుక ముందు నలుగురైదుగురు మహిళా సంఘం సభ్యులు కలిసి, ఒక్క వంటకంతో మొదలుపెట్టండి. తూకం ఒకటే, ధర ఒకటే. నీళ్ళు కాచి చల్లార్చినవి. ఆహార భద్రత నమోదు చేయించండి. పొట్లం మీద వూరి పేరు తెలుగులో వేయండి. విస్తరణ సిబ్బంది చేయవలసింది ఉపన్యాసం కాదు. మొదటి నెల లెక్కలు రాసిపెట్టి, మిగిలిందెంతో వారికే చూపడం.

వెంకయ్య గారు నడిగూడెం నేలలో పత్తి మొక్కను పరీక్షించారు. ఆ నేల పండించిన రుచిని పరీక్షించవలసినవారం ఇప్పుడు మనమే. ముందుగా ఈ వేసవిలో మీ గట్టు మీది తాటిచెట్టును కొట్టకుండా ఆపండి. అక్కడ మొదలుపెడదాం.