పారిపోయే పిల్లవాడు - తెరచిన తలుపు

1939 సెప్టెంబరు 1వ తేదీ ఉదయం లండను నగరంలోని రైల్వే స్టేషనులు పిల్లలతో నిండిపోయినవి. మెడలో పేరు వ్రాసిన చీటీ, భుజాన విషవాయువునుండి కాపాడే ముసుగు ఉంచిన పెట్టె, చేతిలో చిన్న మూట. యుద్ధ ప్రకటనకు ఇంకా రెండు రోజుల వ్యవధి ఉన్నది. బాంబుల భయంచేత బ్రిటిషు ప్రభుత్వం కొద్ది రోజులలోనే సుమారు 15 లక్షల మందిని నగరాలనుండి పల్లెలకు తరలించినది. వారిలో సగానికి పైగా తల్లిదండ్రులు వెంటలేని బడిపిల్లలు.

అధికారులు రైళ్లను లెక్కించినారు, పడకలను లెక్కించినారు. తల్లిని విడిచిన పసివాని మనస్సు మాత్రం ఎవరి లెక్కకూ అందలేదు. ఆశ్రయమిచ్చిన ఇండ్లనుండి అచిరకాలంలోనే ఫిర్యాదులు బయలుదేరినవి. పక్క తడుపుతున్నారనీ, దొంగిలిస్తున్నారనీ, చెప్పకుండా పారిపోతున్నారనీ ఇల్లాండ్రు మొరపెట్టుకొన్నారు. ఆ డిసెంబరులోనే జాన్ బౌల్బీ, ఇమాన్యుయేల్ మిల్లర్, డొనాల్డ్ విన్నికాట్ అనే ముగ్గురు వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నలులో ఒక లేఖ ప్రకటించినారు. రెండేండ్లనుండి అయిదేండ్ల వయస్సు పిల్లలను తల్లులనుండి వేరుచేస్తే తీవ్రమైన మనోవైకల్యం కలుగవచ్చుననీ, రాబోయే దశాబ్దంలో బాలనేరాలు పెరుగవచ్చుననీ వారు హెచ్చరించినారు.

ఏ ఇంటా ఇమడని పిల్లల కోసం వసతిగృహాలు వెలసినవి. ఆక్స్‌ఫర్డుషైరులో అట్టి గృహాలకు విన్నికాట్ సలహాదారు. అక్కడికి తొమ్మిదేండ్ల బాలుడొకడు వచ్చినాడు. వానిని లండనునుండి పంపినది బాంబుల భయంచేత కాదు, పారిపోయే అలవాటుచేత. ఆరవ యేటినుండి వాడు ఇల్లు విడిచి పారిపోతూనే ఉన్నాడు. వసతిగృహంనుండి కూడా పారిపోయినాడు. అప్పుడు విన్నికాట్ భార్య ఉదారబుద్ధితో వానిని తమ ఇంట చేర్చుకొని మూడు మాసాలు ఉంచుకొన్నది. ఆ మూడు మాసాలూ నరకమేనని డాక్టరు తరువాత దాపరికం లేకుండా చెప్పినాడు.

మొదట వారు బాలునికి పూర్తి స్వేచ్ఛ నిచ్చినారు. బయటికి పోయినప్పుడెల్లా చేతిలో ఒక షిల్లింగు పెట్టేవారు. ఏ పోలీసు స్టేషనునుండి టెలిఫోను వచ్చినా వెళ్లి తీసుకొని వచ్చేవారు. కొంత కాలానికి పారిపోవడం మానినాడు. కాని ఇంటిలోనే విధ్వంసం ఆరంభించినాడు. విన్నికాట్ ఎన్నడూ వానిని కొట్టలేదు. ఆగ్రహం మితిమీరినప్పుడు ఎత్తుకొనిపోయి వాకిలి వెలుపల నిలిపేవాడు. అక్కడ వాని కోసమే ఒక గంట ఉండేది. మ్రోగిస్తే తలుపు తెరచుకొనేది. జరిగినదానిని గూర్చి ఒక్క మాటయినా అడిగేవారు కారు. అయితే వెలుపల నిలిపిన ప్రతిసారీ డాక్టరు వానితో ఉన్న సంగతి చెప్పేవాడు: నీవు చేసిన పని నాకు నీపై ద్వేషం కలిగించినదని.

ఈ మాట వింటే మనకు జంకు కలుగుతుంది. బిడ్డపై ద్వేషమా అని చెవులు మూసుకొంటాము. కాని 1947లో తోటి వైద్యుల సభలో ఈ వృత్తాంతాన్ని వినిపిస్తూ విన్నికాట్ సూచించిన సత్యం గంభీరమైనది. ఇల్లు చెదిరిన బిడ్డకు క్రొత్త ఇల్లు దొరికితే వాడు ముందుగా ఆశపడతాడు. ఆ వెంటనే ఆ ఇంటిని పరీక్షిస్తాడు. తన చెడుగును కూడా చూచి, కోపించి, అయినా తనను విడువని వారున్నారని తేలితేనే ప్రేమను నమ్ముతాడు. 1956లో ఆయన ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. దొంగిలించే బిడ్డ వెదకేది వస్తువును కాదు, తాను పోగొట్టుకొన్న తల్లిని. కనుక ఆ దుశ్చేష్టలో ఆశ దాగి ఉన్నదని ఆయన వాదం.

బౌల్బీ వేరొక త్రోవలో ఇదే చోటికి చేరినాడు. 1944లో ఆయన ప్రకటించిన పరిశీలనలో 44 మంది బాలచోరులున్నారు. ఎవరియందూ మమత లేనివారు వారిలో 14 మంది. ఆ 14 మందిలో 12 మంది పసితనంలో తల్లికి దీర్ఘకాలం దూరమైనవారు. నేరమంతా తల్లులపై మోపే ధోరణి దీనినుండి కొంత పుట్టిన మాట నిజమే. 1972లో మైకేల్ రట్టర్ దానిని సరిదిద్దినాడు. ఎడబాటు ఒక్కటే కారణం కాదనీ, ఇంటిలోని కలహం కూడా బిడ్డను కలచివేస్తుందనీ, తల్లి ఒక్కతే కాక ఇతరులు కూడా ఆ మమతను ఇవ్వగలరనీ ఆయన చూపినాడు.

యుద్ధానంతరం ఈ అనుభవాలు వృథా పోలేదు. 1946లో కర్టిస్ సంఘం నివేదిక, 1948లో బాలల చట్టం వచ్చినవి. ఇల్లు లేని పిల్లల బాధ్యతకు ప్రతి స్థానిక ప్రభుత్వంలోనూ ప్రత్యేకాధికారి ఏర్పడినాడు. విన్నికాట్ మాత్రం బి.బి.సి. రేడియో ద్వారా తల్లులతో నేరుగా మాట్లాడుతూ వచ్చినాడు. శాసించేవాడు కాడు, తల్లికి తెలిసినదానినే తల్లికి గుర్తు చేసేవాడు. మైక్రోఫోను ముందు కూర్చునే మాబోటివారికి అదొక పాఠం.

ఇంతకూ ఆ బాలుడేమైనాడు? బాగుపడి బుద్ధిమంతుడైనాడని చెప్పగలిగితే కథ ముచ్చటగా ముగిసేది. అట్లు జరుగలేదు. చివరకు వానిని బాలనేరస్థుల పాఠశాలకు పంపవలసి వచ్చినది. కాని ఆ దంపతులతో ఏర్పడిన అనుబంధం మాత్రం వాని జీవితంలో నిలిచిన కొద్ది వస్తువులలో ఒకటిగా మిగిలినదని విన్నికాట్ వ్రాసినాడు.

మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలంటారు. నిజమే. కాని వంచే చేతికి తొందర పనికిరాదు. వేరు కదలిన మొక్కకు ముందు కావలసినది మన్ను. ఇంట మొండికెత్తిన బిడ్డ ఉన్న తల్లిదండ్రులు తమకు కోపం వచ్చినందుకు కుమిలిపోనక్కరలేదు. గంట మ్రోగినప్పుడు తలుపు తీయడం మరువకుంటే చాలును.