సుండిపెంట పాత సైకిళ్లు

పాత సైకిలు కొనబోయేవాడు ముందు చూడాల్సింది రంగు కాదు, సీటు కింది గొట్టం. సీటు బోల్టు వదులు చేసి, సీటును పైకి లాగి, ఆ గొట్టంలోకి వేలు పెట్టాలి. వేలికి తుప్పు పొడి అంటిందంటే వాననీళ్లు ఏళ్ల తరబడి ఆ దారినే దిగి, పెడళ్ల ఇరుసు తిరిగే బీబీ గూటిలో నిలవున్నట్టు లెక్క. తర్వాత ముందు చక్రం పైకెత్తి తిప్పి, హ్యాండిలుకు చెవి ఆనించాలి. చక్రం ఇరుసు చుట్టూ ఉండే బేరింగు గోలీలు అరిగినవైతే గరగరమని చెప్పేస్తాయి. ఫోర్కు వెనక్కి వంగి ఉంటే బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. హ్యాండిలు కింద గొట్టాలు కలిసే చోట పెయింటు సన్నగా చిట్లి ఉంటే, చిట్లింది పెయింటేనా, ఇనుమా అన్నది గోటితో గీరి తేల్చుకోవాలి.

ఇదంతా ఆత్మకూరులో ఒక సైకిలంగడి మేస్త్రీ నాకు నేర్పించిన విద్య. ఆయన్ను మామా అని పిలిచేవాణ్ని. "రంగు చూసి కొన్నావనుకో, ఇంటికి పోయేలోపల ఏడుస్తావ్ రా అబ్బీ" అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పటికీ ఆత్మకూరు, నందికొట్కూరు, దోర్నాల వైపు ఊళ్లలో గోడకు ఆనించి వదిలేసిన సైకిళ్లు కనబడితే ఆగి అడుగుతాను. బేరం కుదిరితే తెచ్చి బాగుచేస్తాను.

ఇన్నాళ్లుగా ఈ బళ్లు విప్పి చూశాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. మా నల్లమల అంచున సైకిలు చరిత్ర అంటే పాత సైకిలు చరిత్రే. కొత్తది కొన్నది టీచర్లు, కరణాలు, వర్తకులు, కొద్దిమంది పెద్ద రైతులు. మిగతా ఇళ్లలో మొదటి సైకిలు ఎప్పుడూ ఇంకొకరు తొక్కి అమ్మిందే. కంపెనీల చరిత్రలో ఈ ఇళ్ల ఊసు ఉండదు.

ఆ కంపెనీల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇప్పుడు మనం చూసే ఆకారంలో సైకిలును ఇంగ్లండులోని కోవెంట్రీలో స్టార్లీ 1885లో తయారుచేశాడు. గాలి టైరు 1888లో డన్‌లప్ చేతి నుంచి వచ్చింది. మన దేశానికి రాలీ, బీఎస్‌ఏ, హంబర్, హెర్క్యులిస్ అన్నీ ఓడల్లో దిగినవే. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్, బెంగాలులో అసన్‌సోల్ దగ్గర సెన్-రాలీ, సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో వరసగా మొదలయ్యాయి. పేర్లు వేరైనా నమూనా ఒక్కటే: 28 అంగుళాల చక్రం, ముందు 32 పుల్లలు, వెనక 40, తీగ బదులు ఇనుప కడ్డీలతో పట్టే బ్రేకు.

శ్రీశైలం కొండ మాత్రం సైకిలుకు అనువైన చోటు కాదు. మోటారు రోడ్డు పడకముందు జనం నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారిన నడిచే వెళ్లేవాళ్లు. ఉగాదికి కన్నడ భక్తులు ఇప్పటికీ ఆ అడవిదారినే నడుస్తారు. రోడ్డు పడ్డాకా దోర్నాల ఘాట్ ఎక్కాలంటే సైకిలును తోసుకుంటూ నడవాల్సిందే. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. తడిసిన ఇనుప రిమ్ము మీద కడ్డీ బ్రేకు రబ్బరు పట్టదు, జారిపోతుంది. శిఖరం నుంచి సాక్షి గణపతి వైపు వానలో దిగాల్సొస్తే తెలిసినవాడు సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు.

అయినా ఆ కొండమీదికి సైకిళ్లు గుంపుగా వచ్చాయి. దానికి కారణం కృష్ణ మీద కట్టిన శ్రీశైలం ఆనకట్ట. 1960 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. పనివాళ్ల కోసం సుండిపెంటలో ప్రాజెక్టు కాలనీ లేచింది. నాగార్జునసాగర్ పని తగ్గుముఖం పట్టాక అక్కణ్నుంచి వచ్చినవాళ్లున్నారు, కోస్తా నుంచి, పాలమూరు నుంచి, తమిళనాడు నుంచి వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు, డ్రిల్లింగువాళ్లు ఉన్నారు. క్వార్టర్ల నుంచి షెడ్లకూ ఆఫీసులకూ అంగళ్లకూ తిరగడానికి నెల జీతగాడికి అందేది సైకిలే. నా చిన్నతనంలో షిఫ్టు మారే వేళకు కాలనీ రోడ్డు మీద బెల్లుల మోత ఆగేది కాదు. క్యారియరుకు టిఫిను గిన్నె, హ్యాండిలుకు గుడ్డసంచి.

ఆ సైకిళ్లే తర్వాత మా చుట్టుపక్కల ఊళ్లకు పాకాయి. కాంట్రాక్టు ముగిసినవాడు ఊరికి పోయే ముందు బండిని ఎవరికో ఒకరికి అమ్మేసేవాడు. బస్సు మీద వేసుకుపోతే లగేజీ ఖర్చు, పైగా దారిలో మడ్‌గార్డులు వంగుతాయి. 1980లలో కుడిగట్టు కరెంటు యూనిట్లు ఒక్కొక్కటే తిరగడం మొదలయ్యాక కాలనీ నుంచి జనం కదలడం ఎక్కువైంది. మామ ఆ రోజుల్లో ఆత్మకూరు నుంచి బస్సెక్కి సుండిపెంట పోయి, రెండు మూడు బళ్లు బేరం చేసుకొని, ఖాళీగా తిరిగొచ్చే లారీ మీద వేయించుకొని వచ్చేవాడు.

అదే కాలంలో ఎగువన ఇంకో కథ నడిచింది. 1981లో ఆ ఆనకట్ట నీళ్లు నిలిచి, కృష్ణ ఒడ్డున, తుంగభద్ర కలిసే చోట వందకు పైగా ఊళ్లు మునకలోకి పోయాయి. సంగమేశ్వరం గుడి కూడా నీళ్లలోకే వెళ్లింది, ఎండాకాలం నీళ్లు తగ్గితే తప్ప కనబడదు. జనం తలుపులు, దూలాలు ఊడదీసుకొని బళ్ల మీద ఎత్తుకుని లేచారు. ఆ నెలల్లో అంగడికి రెండు రకాల మనుషులు వచ్చారని మామ చెప్పేవాడు. పోవాల్సిన చోటు ఎక్కడో తెలియక సైకిలు అమ్మేసినవాళ్లు ఒకరు. పరిహారం దుడ్లు చేతికి రాగానే, భూమి ఎటూ రాదని, కూలికో పాలవ్యాపారానికో పనికొస్తుందని పాత సైకిలు కొనుక్కున్నవాళ్లు ఇంకొకరు. ఒకరి బండి ఇంకొకరికి అమ్మే ఆ రోజుల్లో బేరం గట్టిగా ఆడలేకపోయానని ఆయన నాతో చాలాసార్లు అన్నాడు. ప్రాజెక్టు మీద రాసిన పుస్తకాల్లో మెగావాట్లు ఉంటాయి, ఎకరాలు ఉంటాయి. ఈ బేరాలు ఎక్కడా లేవు. అందుకే రాస్తున్నాను.

ఒక బండి ఇన్ని చేతులు మారి ఎలా బతికిందో చెప్పాలంటే లోపలి సామాను విప్పాలి. వెనక హబ్బులో పక్కకు తొమ్మిది చొప్పున పావు అంగుళం గోలీలు. ముందు హబ్బులో పక్కకు పది, చిన్నవి. బీబీలో పక్కకు పదకొండు. ఏ కంపెనీదైనా ఇంతే. అట్లాస్ పెడలు హీరోకు పడుతుంది, హెర్క్యులిస్ చక్రం బీఎస్‌ఏకు పడుతుంది. దీనివల్ల కర్నూలులోనో నంద్యాలలోనో ఒక్క సామాను అంగడి ఉంటే చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ సరిపోయేది. దీనికి ఎదురు తిరిగేది నాటింగ్‌హామ్‌లో తయారైన అసలు రాలీ. దాని బీబీ కప్పుకు అంగుళానికి 26 మరలు, మామూలు వాటికి 24. తెలియనివాడు మామూలు కప్పు తెచ్చి సుత్తితో కొట్టి బిగిస్తే గూడే పాడైపోతుంది. అలా పాడైన రాలీ ఒకటి నా దగ్గరకొచ్చింది. దాని చైన్‌వీలులో రాలీ గుర్తైన మూడు కొంగ తలలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, గూటిలో మాత్రం మర అన్నదే లేదు. లేత్ పనివాడితో లోపల ఇనుప బుష్ వేయించి నిలబెట్టాను.

ఓవరాలింగు అంటే పూర్తిగా ఒక రోజు పని. చైను విప్పి కిరసనాయిలులో నానబెట్టాలి. పెడలు కాడను ఇరుసుకు పట్టి ఉంచే కాటరు పిన్ను తీయడంలోనే పనివాడి చేయి తెలుస్తుంది. నట్టు పూర్తిగా తీసేసి కొడితే మర నలిగిపోతుంది. సగం వదులు చేసి, పెడలు కాడ కింద చెక్కదిమ్మె ఆనించి, ఒక్క దెబ్బకు కదిలించాలి. రెండో దెబ్బకు కదలకపోతే ఆపి, కిరసనాయిలు పోసి పొద్దున దాకా వదిలేయడం మేలు. కొత్త పిన్ను వేసేటప్పుడు దాని చదునువైపు ఆకురాయితో కాస్త కాస్త రాస్తూ, రెండు పెడళ్లు ఒకే గీత మీద నిలిచేదాకా చూసుకోవాలి. ఈ రాయడం వదిలేసినవాళ్ల సైకిళ్లు తొక్కుతుంటే ప్రతి తిప్పుకూ టక్కుమంటాయి.

పంచర్లకు మా నేలలో కొదవ లేదు. తుమ్మముల్లు, పల్లేరుగాయ ఏడాది పొడుగునా ఉంటాయి. టైరు కోసుకుపోతే పాత టైరు ముక్క లోపల పెట్టి నడిపేవాళ్లు. అలాంటి ముక్కలు మూడు నాలుగు ఉన్న టైర్లు ఎన్నో తీశాను.

పాత సైకిళ్లు మార్కెట్లోకి వచ్చే ఇంకో దారి బాడుగ అంగళ్లు. గంటల లెక్కన సైకిలిచ్చి, పేరూ టైమూ నోటుబుక్కులో రాసుకునేవాళ్లు. మడ్‌గార్డు మీద అంగడి పేరు, నంబరు పెయింటుతో రాసి ఉండేవి. కడ్డీ సందులో కాలు దూర్చి తొక్కడం మా తరం పిల్లలు నేర్చుకున్నది ఈ బళ్ల మీదే. అంగడివాడు వాటిని అమ్మేసే నాటికి ఫ్రీవీలు పళ్లు అరిగి సూదుల్లా ఉండేవి. రంగు కొత్తగా వేసి అమ్మేవాళ్లు. గీరితే కింద పాత నంబరు బయటపడేది. మున్సిపాలిటీ ఉన్న పట్టణాల బళ్లకు ఇంకో గుర్తు ఉంటుంది, సైకిలు పన్ను కట్టినందుకు ఇచ్చిన రేకు బిళ్ల. అది దొరికితే నేను పీకేయను.

1980లో వచ్చిన టీవీఎస్ 50 మా వైపు పాలవాళ్లనూ బట్టలమూట వాళ్లనూ సైకిలు దింపింది. తర్వాత మోటారు సైకిళ్లు. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం రోజునే, అట్లాస్ చివరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో పని ఆపేసింది. అయితే 28 అంగుళాల టైరు, కాటరు పిన్ను, గోలీలు ఇప్పటికీ కర్నూలులో దొరుకుతున్నాయి. అవి దొరికినన్నాళ్లూ ఏ పాత బండినైనా రోడ్డెక్కించవచ్చు.

ఈ మధ్య హైదరాబాదు, బెంగళూరు నుంచి ముచ్చటపడి కొనేవాళ్లు వస్తున్నారు. వాళ్లు రావడం నాకు సంతోషమే. పాత సామానుకు విలువ కట్టేవాళ్లు ఉన్నారన్నమాట. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే కావాలంటారు. తర్వాత చేరిందంతా పీకేసి, కంపెనీ గీతలతో రంగు వేయమంటారు. నేను ఒప్పుకోను. నా దగ్గర ఒక హంబర్ ఉంది, జంట గొట్టాల ఫోర్కుది. దాని క్యారియరు హంబర్ కంపెనీది కాదు. ఆనకట్ట పనిలో తుక్కుగా మిగిలిన ఇనుప చువ్వను వంచి సుండిపెంటలో ఎవరో వెల్డరు చేసింది. అతుకులు నాలుగూ ఒకే మందంలో, ఒకే తీరున ఉన్నాయి. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలదు. చక్రం అట్లాస్‌ది, సీటు ఇంకెవరిదో, బెల్లు మునకూరి మనిషి అమ్మినప్పుడు దాంతోపాటే వచ్చింది. బెంగళూరు నుంచి వచ్చినాయన క్యారియరు తీసేసి ఇస్తే అడిగిన ధర ఇస్తానన్నాడు. క్యారియరుతో అయితేనే ఇస్తానన్నాను. కుదరలేదు. బండి తొక్కుడులో ఉంది, క్యారియరు మీద ఇప్పటికీ అరబస్తా బియ్యం మోస్తుంది. ఉన్నదున్నట్టు తీసుకునేవాళ్లు వస్తే ఆ ధరలో సగానికైనా ఇస్తాను.